మంచం పక్కన నిలబడి తేల్చుకో

ఆగస్టు చివర్లో అమెరికాలో ఏ పెద్ద యూనివర్సిటీలోనైనా జనరల్ కెమిస్ట్రీ మొదటి క్లాసులోకి వెళ్ళి, "మెడిసిన్‌కి వెళ్ళాలనుకునేవాళ్ళు ఎంతమంది?" అని అడిగితే హాలంతా చేతులు లేస్తాయి. రెండేళ్ళు గడిచి ఆర్గానిక్ కెమిస్ట్రీ అయ్యేసరికి ఆ చేతులు బాగా పలచబడతాయి. మధ్యలో తప్పుకున్నవాళ్ళందరూ చేతకాక తప్పుకోలేదు. మిగిలినవాళ్ళందరూ డాక్టర్లు కావలసినవాళ్ళూ కారు. మొదటి మాట ఓదార్పుగా అందరూ చెబుతారు, రెండోది ఎవరూ చెప్పరు. నాకు ఆ రెండోదానితోనే పని. ఆ హాల్లో చెయ్యెత్తిన తెలుగు పిల్లలతో, అందులోనూ ఎత్తిన చెయ్యి తనదో అమ్మానాన్నలదో ఇంకా తేలనివాళ్ళతో మాట్లాడాలి.

ఇండియాలో ఉన్న నీ పెద్దమ్మ కూతుర్ని ఒకసారి తలుచుకో. పదో తరగతి ఫలితాలు రాకముందే బైపీసీలో చేర్చారు. తెల్లవారుజామున లేస్తే రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లు, ఆదివారం వస్తే టెస్టు. పదిహేడో పద్దెనిమిదో నిండిన ఏడాది, మే నెల ఎండలో, వాచీ విప్పేసి సెంటర్లోకి వెళ్ళి మూడు గంటల్లో నీట్ రాసొచ్చింది. 720 మార్కుల పరీక్ష, ఇరవై లక్షల మందికి పైగా పోటీ. ఆ ఒక్క మధ్యాహ్నంతో ఆమె డాక్టరవుతుందో లేదో తేలిపోయింది. రక్తం చూస్తే నీకేమవుతుంది, ముసలివాళ్ళతో ఓపిగ్గా మాట్లాడగలవా, చావు కబురు చెప్పగలవా అని దారిలో ఎవరూ అడగలేదు. అడిగే తీరిక ఆ పద్ధతిలో లేదు. ఆ దారిలోంచీ గొప్ప డాక్టర్లు వచ్చారు, ఇంకా వస్తున్నారు. కానీ తమ మనసు తాము తెలుసుకునే వ్యవధి మాత్రం వాళ్ళకు దొరకలేదు.

నీకు దొరికింది. మెడిసిన్‌కి ముందు డిగ్రీ చదివే నాలుగేళ్ళు. మన పెద్దవాళ్ళకు ఇది దండగగా కనిపిస్తుంది. "ఇండియాలో అయితే ఈపాటికి హౌస్ సర్జన్ చేస్తుండేవాడు" అని పార్టీల్లో నిట్టూరుస్తుంటారు. అయితే ఈ నాలుగేళ్ళు ఊరికే రాలేదు. 19వ శతాబ్దంలో అమెరికాలో వైద్య కాలేజీలంటే చాలావరకు ఫీజు కట్టినవాడికల్లా సీటిచ్చే దుకాణాలే. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ వైద్య విద్యాలయం డబ్బు చాలక తలుపులు తెరవలేకపోతే, మేరీ గారెట్ అనే సంపన్నురాలు మూడు లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. ఇస్తూ షరతులు పెట్టింది. ఆడపిల్లల్ని మగపిల్లలతో సమానంగా చేర్చుకోవాలి, చేరేవాళ్ళు ముందే డిగ్రీ చదివి ఉండాలి. 1893లో ఆ షరతుల మీదే కాలేజీ మొదలైంది. అక్కడి మహా వైద్యుడు విలియం ఆస్లర్ తోటి ప్రొఫెసరు వెల్చ్‌తో, మనం పాఠం చెప్పడానికి వచ్చాం కనుక సరిపోయింది, చదువుకోవడానికి వచ్చుంటే మనకే సీటు దొరికేది కాదు అని నవ్వాడట. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లో 155 కాలేజీల మీద నివేదిక రాశాక దేశమంతా క్రమంగా ఆ బాట పట్టింది. ఆ నివేదిక పాపం కూడా కొంత ఉంది. నల్లజాతివారి కోసం నడుస్తున్న ఏడు వైద్య కాలేజీల్లో రెండే బతికి బట్టకట్టాయి.

మనిషి ఒంటి మీద చెయ్యి వేసేవాడు ముందు చదువుకున్న మనిషై ఉండాలని, ఆ పని చేయాలని నిజంగా ఉందో లేదో తేల్చుకుని రావాలని ఏర్పడిన సంవత్సరాలివి. వాటిని మనం ఏం చేశాం? ఎక్సెల్ షీటు చేశాం. డాక్టరు వెనకాల తిరిగే షాడోయింగ్ ఇన్ని గంటలు, వాలంటీరింగ్ ఇన్ని గంటలు, రిసెర్చ్ ఇన్ని గంటలు. దరఖాస్తులో నీ పనులు చెప్పుకోవడానికి 15 గళ్ళుంటాయి. మొదటి సెమిస్టరు నుంచే ఆ గళ్ళు నింపడానికి బతుకుతున్న పిల్లలున్నారు. మూడు క్లబ్బులకు ప్రెసిడెంటు, ఒక్క రోగి పేరు తెలియదు. గంటలు రాసుకో, రేపు దరఖాస్తుకు కావాలి. కానీ గంటల కోసం ఎక్కడికీ వెళ్ళకు.

రోగి మంచం పక్కకి వెళ్ళు. చూడటానికి కాదు, పని చెయ్యడానికి. కార్డియాలజిస్టు బాబాయి వెనకాల రెండు వారాలు తిరిగి రావడం మంచిదే, డాక్టరు రోజు ఎలా గడుస్తుందో తెలుస్తుంది. అయినా అక్కడ నువ్వు చుట్టానివే, కుర్చీ వేస్తారు. కుర్చీ వెయ్యని చోటుకి వెళ్ళు. సీఎన్ఏ అని నర్సులకు సాయంగా ఉండే ఉద్యోగం ఉంది. దానికి ఫెడరల్ చట్టం కోరే శిక్షణ కనీసం 75 గంటలు, కొన్ని రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ. ఒక వేసవిలో అయిపోతుంది.

అందులో నేర్పే పనుల్లో ఒకటి చెబుతాను. మంచం దిగలేని పెద్దాయన కింద దుప్పటి మార్చాలి. ముందు ఏం చేయబోతున్నావో ఆయనకు చెప్పాలి. అవతలివైపు కటకటా లేపి, ఆయన్ని అటు ఒత్తిగిలబెట్టి, పాత దుప్పటిని చుట్ట చుట్టి ఆయన వీపు కిందికి నెట్టాలి. కొత్తది ఇవతల సగం పరిచి, మిగతా సగం ఆ చుట్ట పక్కనే మడిచి పెట్టాలి. ఇటువైపు కటకటా లేపి, అటు వెళ్ళి, ఆయన్ని ఇటు తిప్పి, పాతది లాగేసి కొత్తది బిగించి పరవాలి. ముడత ఉండకూడదు. ముడత పడ్డచోట చర్మం ఒరుసుకుపోతుంది, పుండవుతుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆయన ఒళ్ళు కప్పి ఉండాలి, నీ నోట్లో మాట ఉండాలి. ఆయన ఒకప్పుడు వెయ్యి మందికి లెక్కలు చెప్పిన మాస్టారు కావచ్చు. ఇప్పుడు నీ వయసు పిల్ల చేత పక్క శుభ్రం చేయించుకుంటున్నాడు. ఆ సిగ్గుని తగ్గించడం కూడా నీ పనిలో భాగమే.

వాసన వస్తుంది. ఆయన విసుక్కుంటాడు, ఒక్కోసారి తిడతాడు. షిఫ్టు అయ్యాక పార్కింగులో కారులో కూచున్నప్పుడు నిన్ను నువ్వు అడగవలసింది ఒకటే. రేపు మళ్ళీ రావాలనిపిస్తోందా? అలసట సంగతి పక్కన పెట్టు, అది అందరికీ ఉంటుంది. రావాలనిపిస్తే నీకు ఏ కౌన్సిలరూ ఇవ్వలేని జవాబు దొరికింది. వారాలు గడిచినా అనిపించకపోతే అదీ జవాబే. ఇరవై ఏళ్ళకే తెలియడం అదృష్టం. రెండు లక్షల డాలర్ల అప్పు నెత్తికెక్కాక, ముప్ఫై రెండేళ్ళకు రెసిడెన్సీ మధ్యలో తెలిసినవాళ్ళుంటారు. వాళ్ళ సంగతి ఆలోచించు.

ఇది నీ స్థాయికి తగ్గ పని కాదని ఇంట్లో ఎవరైనా అంటే ఎల్లాప్రగడ సుబ్బారావు గురించి చెప్పు. భీమవరంలో పుట్టి, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన వైద్యుడు. 1920ల్లో బోస్టన్ చేరితే ఆ చదువుతో అక్కడ వైద్యం చేసే వీలు లేకపోయింది. పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరి రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తాడు. పగలు హార్వర్డ్‌లో చదివాడు. 1925లో అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. దాన్ని బయోకెమిస్ట్రీలో నువ్వు ఇప్పటికీ ఆ ఇద్దరి పేర్లతోనే చదువుకుంటావు. సొంత అన్నదమ్ములను స్ప్రూ జబ్బుకు పోగొట్టుకున్నవాడు, ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో తయారు చేయించాడు. పాత్రలు ఎత్తినందుకు ఆయన స్థాయి తగ్గిందని ఎవరంటారు?

సీఎన్ఏ కుదరకపోతే హాస్పిస్‌కి వెళ్ళు. ఇక బతకరని తెలిసినవాళ్ళను నొప్పి తెలియకుండా చూసుకునే చోటది. మెడికేర్ డబ్బు తీసుకునే ప్రతి హాస్పిస్‌లోనూ రోగుల సేవకు పట్టే గంటల్లో కనీసం ఐదు శాతం వాలంటీర్లవే అయి ఉండాలని ఫెడరల్ నిబంధన. అంటే నువ్వు వాళ్ళను బతిమాలక్కర్లేదు, వాళ్ళకే నువ్వు కావాలి. వారానికి ఒక సాయంత్రం ఒకే మనిషి దగ్గరకు వెళ్ళి కూచోవడం. పేపరు చదివి వినిపించడం, భార్య కాసేపు బయటికి వెళ్ళొచ్చేదాకా పక్కన ఉండటం. చెయ్యడానికి ఏమీ లేని చోట ఊరికే కూచోగలగడం మనవాళ్ళ పిల్లలకు ఎవరూ నేర్పలేదు. వైద్యంలో సగం పని అదే.

ఇంకొకటి, నీకు ఇంట్లోనే దొరికే పాఠం. నువ్వు ఈ వాక్యం చదవగలుగుతున్నావంటే, మనబడిలో కూచోబెట్టి నేర్పారో, ఏడో ఏట ఇండియా నుంచి వచ్చావో, తెలుగు నీ దగ్గరుంది. వేసవికి వచ్చిన అమ్మమ్మను క్లినిక్‌కి తీసుకెళ్ళావు కదా? డాక్టరు ఎలా ఉందని అడిగితే "ఏం లేదమ్మా, బానే ఉన్నా" అంటుంది. ఆయన టైపు చేసుకుని వెళ్ళిపోతాడు. కారెక్కి సీటు బెల్టు పెట్టుకున్నాక మెల్లిగా మొదలెడుతుంది, మెట్లెక్కితే ఆయాసంగా ఉంటోందని, మూడు రాత్రుల నుంచి కూచునే నిద్రపోతోందని. గుండె జబ్బు పట్టిచ్చే ముక్క ఆ రెండోదే. అది పార్కింగు లాటులో బయటపడింది. అల్లుడి డబ్బు ఖర్చవుతుందని మొహమాటం, కుర్ర డాక్టరు ముందు ఒంటి సంగతి చెప్పడానికి సిగ్గు, అవి ఏ పుస్తకంలోనూ దొరకవు. నీకు తెలుసు. ఇలాంటి అమ్మమ్మలు నీ ఊళ్ళో చాలామంది ఉన్నారు. దుబాసీ పని చేయాలంటే కనీసం 40 గంటల శిక్షణ తీసుకుని పరీక్ష రాసి జాతీయ సర్టిఫికెట్ పొందొచ్చు. ఆ శిక్షణ లేకుండా చెయ్యకు. అత్యవసరమైతే తప్ప చిన్న పిల్లల చేత ఆసుపత్రుల్లో అనువాదం చేయించకూడదని ఫెడరల్ నిబంధనలే చెబుతున్నాయి. ప్రేమ ఎక్కువై నువ్వు కూడా సగం దాచేస్తావు.

చదువు సంగతికి వద్దాం. దీనికి దగ్గరి దారి ఉందని చెప్పేవాణ్ణి నమ్మకు. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, ఫిజిక్స్ ల్యాబులతో సహా, ఆపైన బయోకెమిస్ట్రీ. మేజరు ఏదైనా పర్వాలేదు. చరిత్ర చదివినవాళ్ళకూ సంగీతం చదివినవాళ్ళకూ సీట్లు వస్తున్నాయి. బయాలజీ ఇష్టం లేకపోయినా సేఫ్ అని తీసుకుంటున్నవాడు రెండు విధాలా నష్టపోతాడు. మొదటి సెమిస్టరులో కెమిస్ట్రీ, బయాలజీ, కాల్‌క్యులస్ మూడూ ఒకేసారి నెత్తిన పెట్టుకోకు. దరఖాస్తులో ప్రతి గ్రేడూ లెక్కకొస్తుంది. ఫెయిలైన క్లాసు మళ్ళీ తీసుకున్నా పాత గ్రేడు చెరిగిపోదు, రెండూ కలుస్తాయి.

ఆర్గానిక్‌ని బట్టీ పట్టి గట్టెక్కాలని చూసేవాళ్ళు అక్టోబరు నాటికి మునుగుతారు. రియాక్షన్‌లో ఎలక్ట్రాన్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతున్నాయో తెల్లకాగితం మీద బాణాలు గీసి చూడు, పుస్తకం మూసి. ఎస్ఎన్2లో కొత్త గుంపు వెనకవైపు నుంచి వస్తే పాతది ముందువైపు నుంచి ఎందుకు పోతుందో, కార్బన్ చుట్టూ అమరిక ఎందుకు తిరగబడుతుందో పక్కవాడికి చెప్పగలిగితే నీకు వచ్చినట్టు. రాకపోతే ప్రొఫెసరు ఆఫీసు అవర్సుకి వెళ్ళు. మనవాళ్ళకు అదో బిడియం, తెలియదని ఒప్పుకుంటే చులకనైపోతామని. ఖాళీ గదిలో కూచుని ఎవరైనా వస్తారా అని ఎదురు చూస్తుంటారు వాళ్ళు. ఆ తలుపు తట్టినవాళ్ళకే రేపు సిఫారసు ఉత్తరంలో పేరుతో పాటు నాలుగు నిజమైన మాటలు దక్కుతాయి.

వైద్య కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ ఏడున్నర గంటల వ్యవహారం. నాలుగు భాగాలు, 230 ప్రశ్నలు, 472 నుంచి 528 వరకు స్కోరు, నడుమ 500. ఎండీ సీటు తెచ్చుకున్నవాళ్ళ సగటు 511, 512 దగ్గర ఉంటోంది. 2015 నుంచి సైకాలజీ, సోషియాలజీ ఒక భాగంగా చేర్చారు. బీదరికం కూడా జబ్బు చేస్తుందని డాక్టరుకు తెలియాలి కదా. మనవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది చదివి అర్థం చేసుకునే భాగంలో, సీఏఆర్ఎస్‌లో. 90 నిమిషాలు, 53 ప్రశ్నలు, తత్త్వం, కళ, చరిత్ర మీద వ్యాసాలు. ఏ కోచింగూ మూడు నెలల్లో దీన్ని మింగించలేదు. మొదటి ఏడాది నుంచి రోజూ రాత్రి అరగంట నీకు సంబంధం లేని పుస్తకం చదువు, నవలైనా సరే. "కథల పుస్తకాలెందుకురా" అని నాన్న అడిగితే ఎంక్యాట్ కోసమని చెప్పు, వదిలేస్తాడు.

రిసెర్చ్ గురించి అడుగుతారు. ఇష్టమైతే చెయ్యి, లేకపోతే వద్దు.

ఇప్పుడు మన ఇళ్ళలో నోరెత్తని విషయం. నువ్వు హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్నావా? అమ్మానాన్నల గ్రీన్‌కార్డు వరుసలో ఉందా? అయితే ఈ సంగతి నీకు మూడో ఏడాదిలో ఎవరో చెప్పగా తెలియకూడదు, ఇవాళే తెలియాలి. 21 నిండితే హెచ్4 పోతుంది, విద్యార్థి వీసా ఎఫ్1కి మారాల్సి వస్తుంది. చాలా ప్రభుత్వ వైద్య కాలేజీలు పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళను తప్ప తీసుకోవు. తీసుకునే ప్రైవేటు కాలేజీల్లో కొన్ని, చేరేముందే ఏళ్ళ తరబడి ఫీజుకు సరిపడా డబ్బు బ్యాంకులో చూపించమంటాయి. ఫెడరల్ విద్యారుణం నీకు రాదు. ఇక్కడే ఐదో ఏట నుంచి పెరిగి, ఇక్కడి స్కూల్లోనే రోజూ జెండాకు ప్రతిజ్ఞ చెప్పిన పిల్లకు ఇది ఎంత అన్యాయమో నాకు తెలుసు. కానీ అన్యాయమని ఏడుస్తూ కూచుంటే గడువులు ఆగవు. అమెరికన్ వైద్య కాలేజీల సంఘం నడిపే ఎంఎస్ఏఆర్ అనే జాబితాలో ప్రతి కాలేజీ ఎవరిని తీసుకుంటుందో ఉంటుంది. చందా కట్టి, ఒక ఆదివారం అమ్మానాన్నలను పక్కన కూచోబెట్టుకుని ఒక్కో కాలేజీ చూడండి. వర్క్ పర్మిట్ లేకపోతే జీతం తీసుకునే ఉద్యోగం వద్దు. హాస్పిస్‌లో, ఉచిత క్లినిక్‌లో జీతం లేని సేవకు దారి ఉంటుంది, ముందు కాలేజీలోని ఇంటర్నేషనల్ ఆఫీసును అడుగు. దారి ఇరుకే. ఆ ఇరుకులోంచి దూరి తెల్లకోటు వేసుకున్న పిల్లలున్నారు. వాళ్ళందరూ ముందుగా లెక్క చూసుకున్నవాళ్ళే.

పౌరులకు కూడా లెక్క మారింది. 2026 జూలై నుంచి కొత్తగా చేరేవాళ్ళకు ఫెడరల్ ప్రభుత్వం వైద్య చదువుకిచ్చే అప్పుకు ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్లు అని హద్దు పెట్టింది. కాలేజీ పేరు చూసి మురిసే ముందు ఫీజు చూడు. మీ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీని చిన్నచూపు చూడకు. ఎండీతో సమానంగా వైద్యం చేసే డీవో కాలేజీలనూ అంతే.

అమ్మానాన్నలకు ఒక మాట. డిగ్రీ, మెడిసిన్ కలిపి ఇచ్చే బీఎస్-ఎండీ సీటు హైస్కూల్లోనే కొట్టాడని పక్కింటివాళ్ళు చెప్పినప్పుడు మీ పిల్ల ముఖం చూడండి. ఎండీ కాలేజీలకు ఏటా 50,000 మందికి పైగా దరఖాస్తు చేస్తే చేరేది 23,000 మంది దరిదాపు. అంటే ఒక్క ఏడాది చూస్తే రానివాళ్ళే ఎక్కువ. రాకపోతే మళ్ళీ చేస్తారు, మధ్యలో ఒకటి రెండేళ్ళు ఆసుపత్రిలో పని చేస్తారు. ఇప్పుడు చేరుతున్నవాళ్ళలో సగానికి పైగా అలా గ్యాప్ ఇయర్ తీసుకున్నవాళ్ళే. అది పరువు తక్కువ కాదు. రోగి దగ్గర మూడేళ్ళుండి వచ్చినవాడికీ నిన్న గాక మొన్న పరీక్ష రాసి వచ్చినవాడికీ తేడా ఇంటర్వ్యూలో మొదటి ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. మీ పిల్ల మంచం పక్క నిలబడి చూసి, "నాన్నా, ఇది నా పని కాదు" అని వచ్చి చెబితే కూచోబెట్టి వినండి. అంత తేల్చుకుని చెప్పడానికి ధైర్యం కావాలి.

ఇక లేవు. నీ కాలేజీకి పది మైళ్ళ లోపు ఏ హాస్పిస్ ఉందో, ఏ నర్సింగ్ హోమ్ ఉందో, ఏ ఉచిత క్లినిక్ ఉందో ఫోన్లో వెతుకు. వాలంటీర్లను చూసేవాళ్ళకు ఈమెయిల్ పెట్టి ఊరుకోకు, ఫోన్ చెయ్యి. టీబీ పరీక్ష అంటారు, టీకాల కాగితాలంటారు, పోలీసు రికార్డు పరిశీలన అంటారు, రెండు మూడు శనివారాలు శిక్షణ అంటారు. ఇవన్నీ అయ్యేసరికి ఎలా లేదన్నా నెల దాటుతుంది. సెమిస్టరు కుదుటపడ్డాక చూద్దాంలే అనుకుంటే మిడ్‌టర్ములు వస్తాయి, తర్వాత థాంక్స్‌గివింగ్, తర్వాత ఫైనల్స్. టీకాల రికార్డు అమ్మ దగ్గర ఉంటుంది, నీ చిన్నప్పటి ఫైల్లో. ఈ రాత్రే ఫోటో తీసి పంపమను.